తుమ్మెద పని మన చేతికొస్తే

టమాటా పువ్వును ఎప్పుడైనా పరీక్షగా చూశారా? పసుపు రేకులు వెనక్కి విరుచుకుని ఉంటాయి. నడుమ నుంచి కొనదేలిన గొట్టం ఒకటి నేల వైపు వేలాడుతుంది. పుప్పొడి తిత్తులన్నీ అంచులు కలిపి కట్టుకున్న గూడు అది. పుప్పొడి ఆ గూటి లోపలి గోడల్లో ఉంటుంది, బయటికి ఒక్క రేణువు కూడా కనబడదు. దాన్ని అందుకోవలసిన కీలాగ్రం కూడా అక్కడే, గొట్టం మూతి దగ్గరే ఉంటుంది. ఆడా మగా ఒకే పువ్వులో, మధ్య దూరం ఏమంత లేదు. అయినా ఎవరో ఒకరు వచ్చి కదిలిస్తే తప్ప పుప్పొడి సరిగా రాలదు, పిందె నిలవదు.

పొలంలో ఆ పని గాలి చేస్తుంది, తుమ్మెద చేస్తుంది. తుమ్మెద వచ్చి పువ్వును కాళ్లతో కరుచుకుని వేలాడుతుంది. రెక్కలు ఆడించకుండా, ఎగరడానికి వాడే రొమ్ము కండరాలను మాత్రం అదరగొడుతుంది. మనకు ఝుమ్మని వినిపించేది ఆ అదురే. ఆ అదురుకు గొట్టం లోపలి పుప్పొడి పొడిపొడిగా రాలి తుమ్మెద పొట్ట మీద పడుతుంది, కొంత కీలాగ్రానికి అంటుకుంటుంది. మన పెరళ్లలో తిరిగే నల్ల తుమ్మెదకు ఈ విద్య వచ్చు. పొట్ట మీద నీలి చారలుండే, ఒంటరిగా బతికే చిన్న తేనెటీగకు కూడా వచ్చు. తేనెపట్టు పెట్టే తేనెటీగకు మాత్రం రాదు.

గది లోపల, కిటికీ గట్టు మీద పెంచే టమాటాకు ఆ విద్య మనిషి నేర్చుకోవాలి. పొద్దెక్కి, పువ్వు మీది చెమ్మ ఆరాక, పూగుత్తి కాడను వెనక నుంచి గోటితో రెండు మూడు సార్లు మీటాలి. బ్యాటరీతో నడిచే పళ్ల బ్రష్షు ఉంటే దాని వీపును కాడకు ఒక్క క్షణం తాకించినా చాలు. వెలుతురుకు అడ్డంగా నిలబడి చూస్తే సన్నని పసుపు పొడి గాలిలోకి లేవడం కనబడుతుంది. గట్టిగా మీటితే కాడ విరుగుతుంది, మెత్తగా మీటితే పొడి రాలదు. ఫలితం రెండు మూడు రోజుల్లో తేలిపోతుంది. పువ్వు కాడ మధ్యలో చిన్న ముడి ఉంటుంది. పుప్పొడి అందని పువ్వు కాడ పసుపుబారి, పువ్వు సరిగ్గా ఆ ముడి దగ్గరే తెగి రాలుతుంది. అందిన పువ్వు రేకులు వాడినా కాడ పచ్చగా బిగిసి ఉంటుంది, అడుగున ఆవగింజంత పిందె కనబడుతుంది.

తెలుగునాట ఇంటి సేద్యం అనగానే మిద్దెతోట గుర్తుకొస్తుంది. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదులో తన ఇంటి మిద్దె మీద కూరగాయలు, పండ్లు పండించి, ‘మిద్దెతోట’ పేరుతో పుస్తకం రాసి, ఎంతోమందిని ఆ దారి పట్టించారు. ఆ సేవ పెద్దది. కానీ మిద్దె మీద ఆకాశం ఉంది. ఎండ నెత్తిన పడుతుంది, గాలి వీస్తుంది, వాన ఆకులు కడుగుతుంది, తుమ్మెద దానంతటదే వస్తుంది. గది లోపలికి వీటిలో ఏదీ పూర్తిగా రాదు. అవన్నీ ఊరికే చేసిపెట్టే పనులు ఒక్కొక్కటిగా మనిషి చేతికి వస్తాయి. అలా వచ్చినప్పుడే ఒక్కొక్క పనిలో ఎంత నేర్పు ఉందో తెలుస్తుంది. అందుకే ఇంట్లో మొక్క పెంచడాన్ని నేను కాలక్షేపం అనుకోను. నేత, వడ్రంగం, కుమ్మరం ఉన్న వరసలోనే దీన్నీ పెడతాను. కొత్తగా చేయి పెట్టేవారికి ఆ పనితనాన్ని దగ్గరగా చూపించాలని ఈ ప్రయత్నం.

మా గరివిడిలో ఈ ముచ్చటకు ఇంకో కారణం కూడా ఉంది. విజయనగరం దాటి చీపురుపల్లి వైపు వెళ్లే రైలు దారి మీద ఉన్న ఈ ఊరు మాంగనీసుతో పెరిగింది. దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది నేటి విజయనగరం జిల్లా నేల మీదే. ఇక్కడి కోడూరు గని పేరు మీద ఒక రాతికి కోడూరైట్ అని నామకరణం చేసినవాడు భారత భూగర్భ పరిశోధన సంస్థకు చెందిన లీ ఫెర్మర్. దేశంలోని మాంగనీసు నిక్షేపాల మీద ఆయన బృహద్గ్రంథం 1909లో వచ్చింది. తర్వాత శ్రీరాంనగర్‌లో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం వెలిసింది. ఉక్కుకు గట్టిదనం ఇచ్చే లోహంగానే మనకు మాంగనీసు తెలుసు.

ఆకుకు కూడా అది కావాలి. ఆకు ఎండను పట్టి చేసే పనిలో మొదటి మెట్టు నీటిని విడగొట్టడం. మనం పీల్చే ప్రాణవాయువు అక్కడి నుంచే వస్తుంది. ఆ విడగొట్టే పని జరిగే చోట నాలుగు మాంగనీసు పరమాణువులు, ఒక కాల్షియం పరమాణువు, వాటిని కలుపుతూ ఆక్సిజన్ పరమాణువులు ఒక చిన్న అమరికలో కూర్చుని ఉంటాయి. ఆ అమరికను 2011లో జపాన్ శాస్త్రవేత్తలు ఒక్కొక్క పరమాణువు విడిగా కనిపించేంత స్పష్టంగా చూశారు. కొత్తిమీర ఆకులోనూ అదే అమరిక, మర్రి ఆకులోనూ అదే. గనుల మీద బతికిన ఊరి కిటికీలో ఒక పుదీనా ఆకు అదే లోహంతో నీళ్లను విడగొడుతూ ఉంటుందని తలచుకుంటే నాకు ఆ ఆకు మీద గౌరవం పెరుగుతుంది. అలాగని గని పక్క మట్టి తెచ్చి కుండీ నింపకండి. మొక్కకు మాంగనీసు అతి సూక్ష్మంగా చాలు, అది మామూలు ఎరువులోనే దొరుకుతుంది. పులుపెక్కిన మట్టిలో, నీళ్లు నిలిచిన మట్టిలో అది ఎక్కువైతే వేర్లకు విషం.

ఇక వెలుతురు సంగతి. కొత్తవాళ్ల మొక్కలు చాలావరకు ఇక్కడే ఓడిపోతాయి. తప్పు మన కంటిది. మసక గదిలోకి వెళ్లగానే కంటిపాప పెద్దదై, అంతా బాగానే కనిపిస్తోందని మనకు నమ్మకం కలిగిస్తుంది. లెక్కలో చూస్తే మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్స్ ఉంటుంది. ట్యూబులైటు వెలిగే గది నడుమ రెండు మూడు వందల లక్స్ ఉంటే ఎక్కువ. మన కంటికి ఆ తేడా అంతగా తెలియదు, మొలకకు ప్రాణాంతకం. వెలుతురు చాలని నారు సన్నగా, పాలిపోయి, కిటికీ వైపు మెడ చాచి పెరుగుతుంది. పొడవు చూసి బాగా ఎదుగుతోందని సంబరపడతాం. అది ఎదుగుదల కాదు, వెతుకులాట.

కిటికీ ఏ దిక్కున ఉందన్నది ఇక్కడ పెద్ద విషయం. గరివిడి భూమధ్యరేఖకు ఉత్తరంగా 18 డిగ్రీల పైచిలుకులో ఉంది. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి దక్షిణపు కిటికీలోంచి ఎండ గది లోపలికి చాలా దూరం వస్తుంది. జూన్‌లో సూర్యుడు నడినెత్తిని దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడు, అప్పుడు అదే కిటికీకి మధ్యాహ్నపు ఎండ చుక్క కూడా అందదు. అంటే టమాటా, కొత్తిమీర, స్ట్రాబెర్రీ మూడింటికీ నచ్చే చలికాలంలోనే మన దక్షిణపు కిటికీ వాటికి తలుపు తెరుస్తుంది. ఇంతకన్నా అనుకూలమైన ఏర్పాటు మనం కోరినా దొరకదు.

ఆ కిటికీ లేనివారికి ఎల్ఈడీ దీపం ఉంది. మామూలు ఎలక్ట్రికల్ షాపులో దొరికే 20 వాట్ల తెల్ల బ్యాటెన్‌తో ఆకుకూరలు చక్కగా వస్తాయి. దాన్ని పైకప్పుకు బిగిస్తే లాభం లేదు, మొక్కల కొసలకు జానెడు ఎత్తులో వేలాడదీయాలి. మొక్క ఎదిగేకొద్దీ దీపాన్ని పైకి జరుపుతూ ఉండాలి. రోజుకు 14 గంటలు వెలిగిస్తే 0.28 యూనిట్లు, నెలకు ఎనిమిదిన్నర యూనిట్ల లోపు. టమాటాకు ఒక్క దీపం చాలదు, రెండు మూడు పక్కపక్కన కావాలి. రాత్రి మాత్రం చీకటి ఉంచండి. మొక్కకు విశ్రాంతి గంటలు ఉన్నాయి.

గాలి చేసే పని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. బయట మొలకను గాలి పగలూ రాత్రీ ఊపుతుంది. ఆ ఊపుకు కాండం పొట్టిగా, లావుగా, గట్టిగా తయారవుతుంది. తాకిడికి మొక్క తన రూపాన్ని మార్చుకుంటుందన్న ఈ సంగతిని పరిశోధించి 1973లో దానికి శాస్త్రీయ నామం పెట్టినవాడు మార్డెకై జాఫ్ అనే అమెరికా వృక్ష శాస్త్రవేత్త. ఇంట్లో చేయవలసింది తేలికే. రోజుకు రెండు సార్లు నారు కొసల మీదుగా అరచేతిని నెమ్మదిగా అటూ ఇటూ పోనివ్వాలి, లేదా చిన్న ఫ్యానును దూరంగా పెట్టి ఆకులు వణికేంత గాలి తగలనివ్వాలి. ఆ చేయి చూసిన నారుకూ చూడని నారుకూ తేడా కాండం పట్టుకుంటే తెలుస్తుంది.

కుండీలో పోసే మిశ్రమానికి ముడిసరుకు మన పక్క జిల్లాలోనే ఉంది. శ్రీకాకుళం ఉద్దానంలో, కవిటి, కంచిలి, సోంపేట వైపు, కొబ్బరి పీచు తీశాక మిగిలే పొట్టే కోకోపీట్. ఒకప్పుడు వ్యర్థమనుకున్న ఈ పొట్టు ఇప్పుడు దేశదేశాల నర్సరీలకు వెళ్తోంది. తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు పట్టుకుంటుంది, అయినా వేర్లకు గాలి ఆడనిస్తుంది. కానీ దానికి ఒక దోషం ఉంది. కొబ్బరి డొక్కల్లోని ఉప్పు అందులో మిగిలిపోతుంది. ఇటుకలా అచ్చు పోసి అమ్మే ఆ పొట్టును నానబెట్టి, పిండి, ఆ గోధుమరంగు నీళ్లు పారబోసి, మళ్లీ నానబెట్టి పిండాలి. నీళ్ల రంగు తేలిపోయేదాకా ఈ పని చేయాలి. తొందరపడి ఈ ఒక్క పని ఎగ్గొట్టినవారి మొలకల ఆకు అంచులు మాడిపోతాయి, కారణం తెలియక ఇంకా నీళ్లు పోస్తారు.

కడిగిన పొట్టు రెండు పాళ్లు, బాగా మాగిన గత్తం గానీ వానపాముల ఎరువు గానీ ఒక పాలు, ఏటి ఇసుక ఒక పాలు, గుప్పెడు వేపపిండి. ఇది కొలత. కొలత కంటే చేతి పరీక్ష ముఖ్యం. కలిపిన మిశ్రమాన్ని పిడికిట్లో గట్టిగా నొక్కితే వేళ్ల సందుల్లో చెమ్మ మెరవాలి, చుక్క కింద పడకూడదు. పిడికిలి విప్పితే ముద్ద నిలబడాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. నిలబడకపోతే ఇసుక ఎక్కువైంది, విడిపోకపోతే ఎరువు ఎక్కువైంది. ఇక గత్తం మాగిందో లేదో ముక్కు చెబుతుంది. పేడ వాసన వస్తే ఇంకా ఆగాలి, తొలకరి మట్టి వాసన వస్తే సిద్ధం. పాడిపశువులున్న ఇళ్లకూ, పశువైద్య కళాశాలకూ నెలవైన ఊళ్లో గత్తానికి కొరత ఉండకూడదు.

నీళ్ల విషయంలో గడియారాన్ని నమ్మకండి, చేతిని నమ్మండి. కుండీకి నీళ్లు పట్టించిన వెంటనే ఒకసారి ఎత్తి చూడండి. మర్నాడు ఎత్తండి, ఆ మర్నాడు ఎత్తండి. కొన్నాళ్లకు ఎత్తగానే దాహం ఎంతుందో చేతికి తెలిసిపోతుంది. పై మట్టి ఎండినట్టు కనిపించినా లోపల తడి ఉండవచ్చు, బరువు అబద్ధం చెప్పదు. పోసేటప్పుడు అడుగు రంధ్రంలోంచి నీళ్లు కారేదాకా నిండుగా పోసి, కింద పళ్లెంలో నిలిచింది పారబోయాలి. రోజూ గ్లాసెడు చొప్పున పైపైన చల్లే అలవాటు వేర్లను పైపొరలోనే ఉంచేస్తుంది. టమాటా కాయ అడుగున నల్లగా కుళ్లు మచ్చ పడేది కూడా చాలావరకు నీళ్లు ఒకరోజు మితిమీరి, ఒకరోజు అసలే లేక కాల్షియం కాయ కొస దాకా అందకపోవడం వల్లే.

ఆకుకూరలు, టమాటా, స్ట్రాబెర్రీ, ఈ మూడింటిలో ముందుగా చేయి పెట్టవలసింది ఆకుల మీద. పుదీనా అయితే బజారులో కొన్న కట్టలోంచే మొదలుపెట్టవచ్చు. లేత కాడ కాదు, కాస్త లావుగా ముదిరిన కాడ ఎంచుకోవాలి. కణుపుకు సరిగ్గా కింద కోసి, కింది ఆకులు తీసేసి, గాజు గ్లాసులో నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో కణుపుల దగ్గర తెల్లటి వేళ్లు పొడుస్తాయి. వాటిని వెడల్పు కుండీలో నాటాలి, ఎందుకంటే పుదీనా లోతుకు కాకుండా పక్కలకు పాకుతుంది. భూతద్దం ఉంటే ఆకు అడుగు వైపు చూడండి. మెరిసే చిన్న చిన్న బొట్లు కనబడతాయి. ఒక్కొక్క బొట్టు ఎనిమిది కణాలు కలిసి నూనె తయారుచేసే తిత్తి. ఆ కణాలు చేసిన నూనెను పైనున్న పలచని పొర కింద దాచిపెడతాయి. ఆకును నలిపినప్పుడు ఆ పొర చిట్లి వాసన వస్తుంది. పచ్చడి వాసన అంతా ఆ తిత్తుల్లోనిదే. మంచి వెలుతురులో పెరిగిన ఆకు ఘుమఘుమలాడుతుంది, మసకలో పెరిగింది చప్పగా ఉంటుంది.

కొత్తిమీర అంత లొంగుబాటు మొక్క కాదు. ధనియం ఒక్క గింజలా కనిపిస్తుంది గానీ రెండు గింజలు వీపులు బయటికి పెట్టి అతుక్కుని ఉంటాయి. వాటిని విడదీయాలి, పిండి చేయకూడదు. బల్ల మీద పరిచి అప్పడాల కర్రను మెల్లగా, ఒకే బరువుతో దొర్లిస్తే టకటకమని విడిపోతాయి. ఆ చప్పుడు వినడమే కొలమానం. రాత్రంతా నానబెట్టి, వేలి గోరంత లోతున చల్లి, పైన మట్టి కప్పితే ఎనిమిది నుంచి పన్నెండు రోజుల్లో మొలుస్తాయి. కొత్తిమీరకు తల్లివేరు నిటారుగా దిగుతుంది, పీకి మరోచోట నాటితే అలుగుతుంది. వరికి ఆకుమడి పోసి ఉడుపులు ఉడిచే మన చేతికి ఇది కొంచెం వింతగా ఉంటుంది గానీ చల్లిన చోటే పెరగనివ్వాలి. బయటి కాడలు కోసుకుంటూ నడిమి చిగురు వదిలేస్తే మళ్లీ ఆకు వస్తుంది. వేడి తగిలితే మాత్రం ఆకు మానేసి సన్నని కాడ పైకి తీసి పూతకు వస్తుంది. దాన్ని ఆపలేం. మూడు వారాలకొకసారి కొత్త కుండీలో గింజలు వేసుకోవడమే దారి.

వాము ఆకు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, కొమ్మ గుచ్చితే బతుకుతుంది. కరివేపాకు ఎండ కోరే చెట్టు, గదిలో నెమ్మదిగా పెరుగుతుంది. అమెరికాలో చలి రాష్ట్రాల్లో ఉన్న తెలుగు ఇళ్లలో శీతాకాలం రాగానే కరివేపాకు కుండీని లోపలికి మోసుకొచ్చి దీపం కింద బతికించుకుంటారు. నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు కరివేపాకు మీద కూడా ఉంటుందని అక్కడ కొన్ని ప్రాంతాల నుంచి ఈ మొక్కను బయటికి తీసుకెళ్లడానికి ఆంక్షలున్నాయి. కాబట్టి చేతికొచ్చిన ఒక్క మొక్కను ప్రాణంలా చూసుకుంటారు. ఇంటి సేద్యంలో అంత ఓర్పు చూపించినవారిని మనం మెచ్చుకోవాలి.

టమాటా దగ్గర విత్తనం ఎంపికలోనే సగం పని అయిపోతుంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన అర్క రక్షక్ మూడు ప్రధాన తెగుళ్లను తట్టుకునే గొప్ప సంకరం. కానీ అది పొలానికి పుట్టింది, కిటికీలో ఇమడదు. కిటికీ కోసమే పుట్టిన టమాటా వేరే ఉంది. 1914లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక పొలంలో అనుకోకుండా ఓ మొక్క కనబడింది. కొంత ఎదిగాక కొసలోనే పూగుత్తి పెట్టి పెరుగుదల తనంతట తానే ఆపేసుకుంది. ఆ ఒక్క మార్పు ఆ తర్వాత వచ్చిన గుబురు టమాటాలన్నిటికీ మూలమైంది. 1989లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో స్కాట్, హార్బా అనే ఇద్దరు ఆ లక్షణానికి మరుగుజ్జు లక్షణం కూడా జోడించి మైక్రో టామ్ అనే రకాన్ని విడుదల చేశారు. జానెడు ఎత్తు కూడా దాటదు. పిడికిట్లో పట్టే కుండీలో ముదురాకుపచ్చ ముడుచుకున్న ఆకులతో నిలబడి, గోళీలంత ఎర్రటి పండ్లు కాస్తుంది. అలంకారానికి చేసిన ఈ మొక్క తర్వాత ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో టమాటా జన్యువుల పరిశోధనకు పనిముట్టయింది. గింజ వేసిన దగ్గర నుంచి మూడు నెలల లోపు పండు చేతికొస్తుంది. రుచిలో నాటు టమాటాకు సాటి రాదు, పప్పులోకి సరిపడా కాయదు. అయినా ఇంత చిన్న దేహంలో వేరు నుంచి పండు దాకా ఏదీ తగ్గించకుండా కుదించిన పనితనం చూసి నేను నివ్వెరపోతాను. కొత్తవారికి ఇంతకంటే మంచి గురువు లేదు. ఆన్‌లైన్ విత్తన దుకాణాల్లో వెతకండి, దొరక్కపోతే కుండీ రకం చెర్రీ టమాటా ఏదైనా సరే.

గరివిడి ఎండలకు ఒక నియమం పాటించాలి. పగలు 32, రాత్రి 21 డిగ్రీలు దాటుతూ ఉంటే టమాటా పుప్పొడి బలం తగ్గుతుంది, ఎంత మీటినా పూలు రాలతాయి. అప్పుడు లోపం చేతిది కాదు, కాలానిది. సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు ఆఖరు లోపు గింజ వేస్తే పూత సమయానికి చలి వచ్చి ఉంటుంది.

ఇక స్ట్రాబెర్రీ. ఇది మూడింటిలోకీ గడుసుది, కథ కూడా పెద్దది. ఇప్పుడు మనం తినే స్ట్రాబెర్రీ అడవిలో పుట్టలేదు. ఫ్రాన్సు సైన్యపు ఇంజనీరు ఫ్రెజియే దక్షిణ అమెరికా తీరంలోని కోటలను చూసి రమ్మంటే వెళ్లి, 1714లో తిరిగి వస్తూ చిలీ నుంచి పెద్ద పండు కాసే మొక్కలు తెచ్చాడు. దారిలో నీళ్లు తక్కువైన ఓడలో ఐదు బతికాయి. అవన్నీ ఆడమొక్కలే, పూశాయి గానీ కాయలేదు. పక్కన ఉత్తర అమెరికా నుంచి వచ్చిన మరో జాతి నాటాక వాటి పుప్పొడి అందింది, ఆ కలయికలో కొత్త పండు పుట్టింది. ఆ రహస్యాన్ని విప్పి 1766లో స్ట్రాబెర్రీల మీద పుస్తకం రాసిన ఆంత్వాన్ డ్యూషేన్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు కూడా లేవు.

మనకు దగ్గరలో ఈ పంట చూడాలంటే లంబసింగి వెళ్లాలి. చింతపల్లి కొండల మీద, చలికాలంలో మంచు కురిసే ఆ ఊరి చుట్టూ రైతులు మహారాష్ట్ర నుంచి మొక్కలు తెప్పించి, ఎత్తు మళ్ల మీద ప్లాస్టిక్ షీటు పరిచి నాటుతారు. డిసెంబరు నుంచి పండ్లు వస్తాయి, పర్యాటకులు తోటలోనే కొనుక్కుంటారు. ఆ కొండ చలి మన గదిలోకి రాదు గానీ ఆ రైతుల చేతుల్లో నేర్చుకోవలసినవి ఉన్నాయి. మొదటిది నాటే లోతు. స్ట్రాబెర్రీకి పొడవైన కాండం ఉండదు, వేర్లకూ ఆకులకూ నడుమ పొట్టి గుంజు ఉంటుంది. మట్టి మట్టం సరిగ్గా ఆ గుంజు నడుముకు రావాలి. అరంగుళం లోతైతే చిగురు కుళ్లుతుంది, అరంగుళం పైకైతే వేళ్లు ఎండుతాయి. వేర్లను మడవకుండా, విసనకర్రలా విప్పి, రెండు చేతుల బొటనవేళ్లతో మట్టి నొక్కుతూ కూర్చోబెట్టాలి. ఆ ఒక్క నిమిషం పని మీద మొక్క బతుకంతా ఆధారపడి ఉంటుంది.

రెండో సంగతి తెలియక చాలామంది ఇబ్బంది పడతారు. మనకు దొరికే వింటర్ డాన్, కామరోసా లాంటి రకాలు పగలు తక్కువగా ఉన్నప్పుడే మొగ్గ తొడుగుతాయి. టమాటాకు వెలిగించిన 14 గంటల దీపం కిందే వీటిని కూడా పెడితే, ఇంకా వేసవే అనుకుని తీగలు చాచుకుంటూ పోతాయి, పువ్వు పెట్టవు. గరివిడిలో డిసెంబరు పగలు సుమారు 11 గంటలు. ఆ సహజమైన పగలే వీటికి మందు. కాబట్టి స్ట్రాబెర్రీ కుండీ దీపానికి దూరంగా, ఎండ వచ్చే కిటికీలో ఉండాలి, రాత్రి కాస్త చల్లగాలి తగలాలి. పగటి పొడవుతో పనిలేని రకాలు కూడా ఉన్నాయి. కాలిఫోర్నియాలో బ్రింగ్‌హర్స్ట్, వోత్ అనే ఇద్దరు యూటా కొండల్లో దొరికిన అడవి మొక్క లక్షణాన్ని ఎక్కించి 1979లో వాటిని విడుదల చేశారు. కానీ ఏ రకమైనా మన వేసవి వేడిని తట్టుకుని కాయడం కష్టం. మొదటి తీగలను వచ్చినవి వచ్చినట్టే కత్తిరిస్తే బలం పువ్వులకు వెళ్తుంది.

స్ట్రాబెర్రీ పువ్వు దగ్గర తుమ్మెద పని వేరు. తెల్లని రేకుల నడుమ పసుపు దిమ్మె మీద వందల కొద్దీ సన్నని కీలాలు ఉంటాయి. ఒక్కొక్కటీ ఒక్కొక్క గింజ అవుతుంది. మనం పండు అనుకునేది ఆ గింజల కింద ఉబ్బిన దిమ్మె. 1950లో నిచ్ అనే శాస్త్రవేత్త పిందె మీది గింజలను తీసేసి చూశాడు, ఆ చోట దిమ్మె ఉబ్బడం ఆగిపోయింది. గింజలే తమ కింది కండను పెంచే హార్మోనును పంపుతాయని అలా తేలింది. ఒక పక్క కీలాలకు పుప్పొడి అందకపోతే ఆ పక్క పండు పెరగక వంకరపోతుంది. కాబట్టి నీటిరంగులు వేసే మెత్తని కుంచె తీసుకుని, అంచునున్న పుప్పొడిని అద్దుకుంటూ దిమ్మె చుట్టూ పూర్తిగా తిప్పాలి. కీలాలన్నీ ఒక్కరోజే సిద్ధం కావు, వరసగా మూడు రోజులైనా తిప్పాలి. పండు నునుపుగా, శంకువులా సమంగా వచ్చిందంటే ఆ కుంచె పట్టిన చేయి ఏ పక్కనూ వదల్లేదని అర్థం. పనితనం ఇంత స్పష్టంగా కంటికి కనిపించే పంట నాకు మరొకటి తెలియదు.

పురుగుల గురించి ఒక్క మాట. గదిలో వాన లేదు కాబట్టి ఆకు అడుగున తెల్లదోమ, ఎర్రనల్లి, పిండినల్లి చేరతాయి. వారానికొకసారి తడిగుడ్డతో ఆకు రెండు వైపులా తుడిస్తే చాలావరకు పోతాయి. మిగిలితే సబ్బునీళ్లలో వేపనూనె కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయాలి.

మొదలుపెట్టేవారికి నా సలహా, మూడూ ఒకేసారి ఎత్తుకోవద్దు. పుదీనాతో నీళ్లూ బరువూ నేర్చుకోండి. అక్టోబరులో కొత్తిమీర, టమాటా వేసి వెలుతురూ పూతా నేర్చుకోండి. స్ట్రాబెర్రీని మరుసటి చలికాలానికి ఉంచండి, మార్చి దాటాక అది నీరసిస్తే బాధపడకండి, మన నేలలో అది చలికాలపు పంటే. ఈసారి బజారులో పుదీనా కట్ట కొన్నప్పుడు నాలుగు ముదురు కాడలు పచ్చట్లోకి పోనివ్వకుండా పక్కన పెట్టి నీళ్ల గ్లాసులో వేయండి.